ఆఖరి రైలు నమ్ముకోకండి: క్రూజ్ దిగి ఇటలీని తక్కువ ఖర్చుతో చూడటం ఎలా?

(వీడియో ఎపిసోడ్‌లోని మాటలకు ఇది రాతరూపం. చదవడానికి వీలుగా అక్కడక్కడా సరిచేశాం.)

పోయిన ఎపిసోడ్‌లో మెడిటరేనియన్ క్రూజ్ ఎలా బుక్ చేసుకోవాలి, షెంగెన్ వీసా ఎలా తీసుకోవాలి అని మాట్లాడుకున్నాం కదా. అది చూసి చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, క్రూజ్ టికెట్ పర్లేదు. ఓడ దిగాక ఊరు చూపించడానికి వాళ్ళు అడిగే డబ్బులు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. వాళ్ళ టూర్ కొనకుండా మనమే తిరిగి రావచ్చా?"

రావచ్చు. నేను వచ్చాను. కాకపోతే అందులో ఒక రోజు నా తెలివి వల్ల కాదు, మా నాన్న చాదస్తం వల్ల వచ్చాను. ఆ కథ కూడా చెప్తా.

ముందు సంగతేంటో చెప్పేస్తా. ఉద్యోగం మానేసే ముందు చేతికొచ్చిన బోనస్‌తో అమ్మానాన్నల్ని ఒక వారం క్రూజ్‌కి తీసుకెళ్ళాను. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. అమ్మకి మోకాళ్ళ నొప్పి, బీపీ. పైగా శాకాహారి. బార్సిలోనాలో ఎక్కాం. పాల్మా, మార్సే చూశాక వరసగా ఇటలీలో మూడు పోర్టులు: లా స్పెజియా, చివితావెక్కియా, నేపుల్స్. మళ్ళీ బార్సిలోనాలో దిగాం. ఈ రూట్‌లో చాలా కంపెనీల ఓడలు తిరుగుతాయి, కాబట్టి మీకూ దాదాపు ఇవే పోర్టులు తగలొచ్చు.

పోర్ట్ పేరు చూసి మోసపోకండి

బ్రోషర్‌లో "రోమ్" అని ఉంటుంది. ఓడ ఆగేది రోమ్‌లో కాదు, చివితావెక్కియా అనే ఊళ్ళో. అక్కణ్ణుంచి రోమ్ సుమారు 70 కిలోమీటర్లు. "ఫ్లోరెన్స్" అని ఉంటే ఓడ ఆగేది లివోర్నోలోనో లా స్పెజియాలోనో. లివోర్నో నుంచి ఫ్లోరెన్స్‌కి రైల్లో దాదాపు గంటన్నర.

"వెనిస్" అయితే ఇంకా జాగ్రత్త. 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడల్ని వెనిస్ నడిబొడ్డు కాలువలోకి రానివ్వడం లేదు. అందుకని మార్గెరాలోనో, రవెన్నాలోనో, త్రియెస్తేలోనో ఆపుతున్నారు. త్రియెస్తే నుంచి వెనిస్‌కి రైల్లో సుమారు రెండు గంటలు. పైగా 2024 నుంచి, సీజన్‌లో ఎంపిక చేసిన కొన్ని రోజుల్లో, రాత్రి బస చేయకుండా వచ్చిపోయేవాళ్ళు వెనిస్‌లో అడుగుపెట్టడానికి ఫీజు కట్టాలి. ముందుగా కడితే 5 యూరోలు, ఆలస్యం చేస్తే 10.

కాబట్టి బుక్ చేసేటప్పుడు ఊరి పేరు పక్కన బ్రాకెట్‌లో ఉన్న పోర్ట్ పేరు చూడండి. మీ ఖర్చంతా తేలేది అక్కడే.

నేనైతే పోర్టుల్ని రెండు రకాలుగా విడదీసుకున్నా. ఒకటి, ఓడ దిగితే ఊళ్ళోనే ఉండేవి: నేపుల్స్, జెనోవా, పలెర్మో, మెస్సీనా. రెండోది, దిగాక రైలెక్కి చాలా దూరం పోవాల్సినవి: రోమ్ కోసం చివితావెక్కియా, ఫ్లోరెన్స్ కోసం లివోర్నో. మొదటి రకంలో ఓడ వాళ్ళ టూర్ కొనాల్సిన అవసరం దాదాపు రాదు. రెండో రకంలోనే లెక్క వేసుకోవాలి.

ఓడ వాళ్ళ టూర్‌లో ఆ డబ్బు దేనికి?

యూరో అంటే సుమారు 100 రూపాయలు అనుకోండి, లెక్క తేలిగ్గా ఉంటుంది.

చివితావెక్కియాలో మా ఓడ వాళ్ళు అమ్మిన అతి చవక టూర్ ఒక్కొక్కరికి 80 యూరోలు. గైడ్ లేడు, టికెట్లు లేవు, భోజనం లేదు. బస్సులో రోమ్ తీసుకెళ్ళి దించుతారు, సాయంత్రం చెప్పిన చోట మళ్ళీ ఎక్కించుకుంటారు. అంతే. ముగ్గురికి 240 యూరోలు, అంటే 24,000 రూపాయలు.

నాన్న ఆ కాగితం చూసి, "దీనికి మన దగ్గర సూపర్ లగ్జరీ బస్సు మొత్తం మాట్లాడుకోవచ్చు కదరా" అన్నారు.

అదే రోమ్‌కి లోకల్ రైల్లో వెళ్తే ఒక వైపు టికెట్ మనిషికి 5 యూరోల లోపు. మరి అంత తేడా ఎందుకు?

అసలు కిటుకు ఇక్కడ ఉంది. ఓడ వాళ్ళ టూర్‌లో వెళ్ళిన బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఓడ ఆగుతుంది. లేదా మిమ్మల్ని తరవాతి పోర్టుకి చేర్చే బాధ్యత వాళ్ళే తీసుకుంటారు. మీరు సొంతంగా వెళ్ళి ఆలస్యమైతే ఓడ ఆగదు. రేవులో మీరు చెయ్యి ఊపుతూ ఉండగానే వెళ్ళిపోతుంది. తరవాతి పోర్టుకి రైలో, విమానమో, హోటలో, అన్నీ మీ డబ్బుతోనే. అంటే ఆ 80 యూరోల్లో పెద్ద భాగం బస్సుకి కట్టేది కాదు, ఒక రకంగా ఇన్సూరెన్స్‌కి కట్టేది.

నేను కోడ్ రాసిన రోజుల్లో మా టీమ్‌లో ఒక అలవాటు ఉండేది. కొత్త వెర్షన్ పెట్టేముందు "ఇది పనిచేస్తుందా" అని ఒక ప్రశ్న, "పనిచేయకపోతే వెనక్కి ఎలా వస్తాం" అని ఇంకో ప్రశ్న. రెండోదానికి జవాబు లేకపోతే పెట్టేవాళ్ళం కాదు. పోర్ట్‌లో దిగేటప్పుడు కూడా ఇంతే. ఏం చూడాలి అనేది తరవాత. ఎలా తిరిగి రావాలి, అది తప్పితే ఇంకెలా రావాలి, ఇది ముందు.

వెనక నుంచి లెక్క వేయడం

ఓడలో రోజూ ఒక కాగితం ఇస్తారు, యాప్‌లో కూడా ఉంటుంది. అందులో "ఆల్ అబోర్డ్" టైమ్ చూడండి. ఓడ బయలుదేరే టైమ్‌కి అరగంట నుంచి గంట ముందు ఉంటుంది. మీకు సంబంధించింది అదొక్కటే. ఓడ ఆరింటికి అని గుర్తుపెట్టుకోవద్దు. ఆల్ అబోర్డ్ అయిదున్నరకైతే ఆ రోజుకి మీ గడియారం అయిదున్నరకి ఆగిపోయినట్టే.

అందులోంచి పోర్ట్ గేట్, షటిల్ బస్సు, సెక్యూరిటీ క్యూ అన్నిటికీ అరగంటకి పైనే తీసేయండి. తరవాత రైలు ప్రయాణం తీసేయండి. ఆ వచ్చిన టైమ్‌కి ఉన్న రైలు, అదే మీ "ఆఖరి రైలు". ఇప్పుడు దాన్ని మర్చిపోయి, దానికి ముందు రైలు కాకుండా ఆ ముందుదాని మీద గురి పెట్టండి.

దీనికి నేను పెట్టుకున్న పేరు రెండు రైళ్ళ నియమం. మీరు ఎక్కాలనుకున్న రైలు పోయినా, ఆ తరవాతది రద్దయినా, మూడోది మిమ్మల్ని ఓడకి చేర్చాలి. పేరు నాదే గానీ ఆలోచన నాది కాదు. మా నాన్నది.

రోమ్: 240 యూరోల బదులు 85

మా ఓడ చివితావెక్కియాలో పొద్దున ఏడింటికి ఆగింది. ఆల్ అబోర్డ్ సాయంత్రం అయిదున్నరకి.

ఓడ దగ్గర నుంచి పోర్ట్ షటిల్ మిమ్మల్ని లార్గో దెల్లా పాచె అనే చోట దించుతుంది. అక్కణ్ణుంచి స్టేషన్‌కి లోకల్ బస్సు ఉంది, నడిస్తే 20 నుంచి 25 నిమిషాలు. అమ్మ కోసం మేం బస్సెక్కాం.

రైలు టికెట్ సంగతి శ్రద్ధగా వినండి. ఇటలీలో లోకల్ రైళ్ళని "రెజొనాలె" అంటారు. వీటి ధర ముందే ఫిక్స్. నెల ముందు కొన్నా, పది నిమిషాల ముందు కొన్నా ఒకటే. కాబట్టి ముందే కొని టైమ్‌కి కట్టుబడాల్సిన పని లేదు. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు స్టేషన్‌లో ఉన్న చిన్న మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించాలి. ఫోన్లో కొంటే రైలెక్కే ముందు చెక్-ఇన్ నొక్కాలి. మర్చిపోతే చేతిలో టికెట్ ఉన్నా ఫైన్ పడుతుంది. నాన్న ఆ మెషీన్‌లో ముగ్గురి టికెట్లూ తనే కొట్టించారు. "ముప్పై ఏళ్ళు జనానికి టికెట్ కొట్టాను, ఇవాళ నాకు నేనే కొట్టుకుంటున్నా" అని ఒకటే నవ్వు.

ఆ స్టేషన్‌లో చాలామంది చేసే తప్పు, నేరుగా రోమా తెర్మిని దాకా వెళ్ళడం. దానికంటే ముందు సాన్ పియెత్రో అనే స్టేషన్ వస్తుంది, చివితావెక్కియా నుంచి ముప్పావు గంట చిల్లర. అక్కడ దిగితే సెయింట్ పీటర్స్ చర్చి 15 నిమిషాల నడక. చర్చి లోపలికి వెళ్ళడానికి డబ్బు కట్టక్కర్లేదు, సెక్యూరిటీ క్యూ మాత్రం ఉంటుంది. తొమ్మిదింటికి మేం వెళ్తే అరగంటలో లోపలున్నాం. పదకొండుకి బయటికొచ్చి చూస్తే ఆ క్యూ చౌరస్తా చుట్టూ తిరిగేసింది. భుజాలు, మోకాళ్ళు కనిపించే బట్టలైతే లోపలికి పంపరు. చీర కట్టుకున్న అమ్మని ఎవరూ ఆపలేదు, షార్ట్‌లో ఉన్న నేనే ప్యాంటు మార్చుకుని వెళ్ళాల్సొచ్చింది.

అక్కణ్ణుంచి నది దాటి నవోనా చౌరస్తా, పాంథియాన్, ట్రేవీ ఫౌంటెన్. మొత్తం మూడు కిలోమీటర్ల నడక. పాంథియాన్‌కి 2023 జులైలో టికెట్ పెట్టారు, అప్పుడు 5 యూరోలు. ఇది మాత్రం కొనండి. దాదాపు 1,900 ఏళ్ళ కిందట కట్టిన గుడి. లోపల ఇనుప చువ్వ అన్నదే లేకుండా కాంక్రీటుతో పోసిన గోపురం, అడ్డంగా 43 మీటర్లు. ఆ రకం గోపురాల్లో ఇప్పటికీ ప్రపంచంలో అదే పెద్దది. నడినెత్తిన గుండ్రటి కంత ఉంటుంది, వాన పడితే లోపలే పడుతుంది. నాన్న ఆ కంత వైపు చూస్తూ చాలాసేపు నిలబడిపోయారు. మన వరంగల్ వేయి స్తంభాల గుడి కంటే ఇది వెయ్యేళ్ళు పాతది అని చెప్తే, "ఎవడు కట్టాడో గానీ కాంట్రాక్టర్ నిజాయితీపరుడు రా" అన్నారు.

పాంథియాన్‌కి రెండు వీధుల అవతల సాన్ లుయీజి అనే చర్చి ఉంది. అందులో కారవాజ్జో వేసిన మూడు పెద్ద చిత్రాలు ఉన్నాయి, ఉచితంగా చూడొచ్చు. మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్ళండి.

తాగే నీళ్ళకి రూపాయి ఖర్చు లేదు. రోమ్ వీధుల్లో "నజోని" అని ఇనుప కుళాయిలు రెండున్నర వేల దాకా ఉన్నాయి. నీళ్ళు చల్లగా, తాగడానికి పనికొచ్చేవే. కుళాయి మూతిని వేలితో మూస్తే పైనున్న చిన్న కంతలోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, తాగడం సులువు. కాఫీ అయితే కౌంటర్ దగ్గర నిలబడి తాగండి. కూర్చుంటే అదే కాఫీకి చాలా చోట్ల రెండింతలు. హోటల్ బిల్లులో "కోపెర్తో" అని కనిపిస్తే అది తలకి ఇంత అని వేసే బల్ల చార్జీ, గొడవపడకండి. పిజ్జాని ముక్కలుగా కోసి బరువు ప్రకారం అమ్మే దుకాణాలు వీధికొకటి ఉంటాయి, మా మధ్యాహ్నం భోజనం అక్కడే. ఇంకోటి, స్పానిష్ మెట్ల మీద ఆయాసం తీర్చుకుందామని కూర్చోవద్దు. 2019 నుంచి దానికి జరిమానా ఉంది.

మా ముగ్గురికీ రోజు ఖర్చు: రైలు రానూపోనూ 28 యూరోలు, స్టేషన్ బస్సు 12, రోమ్ సిటీ బస్సు నాలుగున్నర, పాంథియాన్ 15, తిండి, జెలాటో కలిపి 25. మొత్తం సుమారు 85. ఓడ వాళ్ళ బస్సు ఎక్కి ఉంటే 240 పోయి, పాంథియాన్, తిండి మళ్ళీ అదనం.

ఇక నా తెలివి కథ

మధ్యాహ్నం ఒంటి గంటకి ట్రేవీ దగ్గర ఉన్నాం. నా ప్లాన్ ప్రకారం మూడు గంటల పది నిమిషాల రైలు. గంటంపావు ప్రయాణం, నాలుగుంపావు దాటాక చివితావెక్కియా, అయిదింటికి ఓడలో. అరగంట మిగులు. నాకు చాలా బాగుందనిపించింది.

నాన్న మొదలుపెట్టారు. "రెండింటి రైలుకి పోదాం."

"నాన్నా, రెండింటికి వెళ్తే ఓడలో కూర్చుని ఏం చేస్తాం? మళ్ళీ రోమ్ ఎప్పుడొస్తాం?"

మా ఇంట్లో ఇది పాత గొడవ. ఖమ్మం నుంచి హైదరాబాద్ రావాలన్నా రైలుకి గంట ముందు స్టేషన్‌లో ఉండాలి ఆయనకి. చిన్నప్పటి నుంచి ఆ ప్లాట్‌ఫామ్ బెంచీల మీద నేను కూర్చున్న గంటలు కలిపితే ఒక సెమిస్టర్ అవుతుంది.

"ఆఖరి బస్సు నమ్ముకున్నోడికి బస్టాండే పడకరా. రాత్రిపూట బస్టాండ్లో పిల్లల్ని వేసుకుని పడుకున్నోళ్ళని ఎంతమందిని చూశానో నీకేం తెలుసు?"

"ఇద్దరూ ఆపండి. మధ్యలో ఇంకో రైలు లేదా?" అంది అమ్మ. రెండు నలభైకి ఉంది. దానికి ఒప్పందం కుదిరింది.

తప్పు ఇక్కడ చేశాను. వచ్చిన దారినే సాన్ పియెత్రోకి వెళ్ళకుండా, బస్సు దొరికింది కదా అని తెర్మినికి వెళ్ళాం. పెద్ద స్టేషన్, రైలు అక్కడే బయలుదేరుతుంది, సీటు దొరుకుతుందని నా లెక్క. రైలుకి పది నిమిషాలు ఉండగా స్టేషన్ లోపలున్నాం. బోర్డు చూస్తే ప్లాట్‌ఫామ్ నంబరు 27. సరే అని నడిస్తే, 24 దగ్గర ప్లాట్‌ఫామ్‌లు అయిపోయినట్టు కనిపిస్తున్నాయి! చివితావెక్కియా రైళ్ళు మామూలుగా ఆగే 25 పైన ప్లాట్‌ఫామ్‌లు ఎక్కడో పక్కగా, చివరన ఉంటాయి. చేరాలంటే మామూలు మనిషికే పది నిమిషాల నడక. అమ్మ మోకాళ్ళతో పావుగంట. గేటు దగ్గర టికెట్ చూపించి లోపలికెళ్ళేసరికి రైలు వెనకాల ఎర్ర లైటు కనిపించింది.

అమ్మ ఒక స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. "నాన్నా, నా బీపీ మాత్రలు రూమ్‌లోనే ఉన్నాయి" అంది మెల్లగా. ఆ ఒక్క మాటతో నా తెలివంతా దిగిపోయింది. మాత్రలు ఓడలో, బట్టలు ఓడలో. ఇంగ్లీషు కూడబలుక్కుని మాట్లాడే ఇద్దరు పెద్దవాళ్ళు నన్ను నమ్ముకుని వచ్చారు.

నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. బోర్డు వైపు చూసి, "మూడు పదికి ఉంది కదా, ఎక్కుదాం. అందుకే ముందు బయలుదేరదామన్నది" అన్నారు. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి అమ్మకిచ్చారు.

మూడు పది రైలెక్కి అయిదింటికి ఓడలో ఉన్నాం. ఇప్పుడు ఇంకో లెక్క వేయండి. నా ప్లాన్ ప్రకారం మూడు పదికే వచ్చి ఉంటే, అదే ప్లాట్‌ఫామ్ వెతుకులాటలో దాన్ని పోగొట్టుకుని, మూడు నలభై రైలెక్కి, సరిగ్గా అయిదున్నరకి ఓడ మెట్ల దగ్గర ఉండేవాళ్ళం. అదీ షటిల్ క్యూ లేకపోతే. ఆ రోజు క్యూ ఉంది.

రాత్రి పైన డెక్ మీద నిలబడి చివితావెక్కియా దీపాలు దూరమవుతుంటే చూశాను. నాన్న పక్కకొచ్చి, "రోమ్ బాగుందిరా" అన్నారు. అంతే. ఆ మాట చాలు నాకు.

లా స్పెజియా: అయిదు ఊళ్ళు, మీకు రెండు చాలు

రోమ్‌కి ముందు రోజు లా స్పెజియా. ఓడ నుంచి పోర్ట్ గేటు దాకా షటిల్, అక్కణ్ణుంచి స్టేషన్ సుమారు 25 నిమిషాల నడక. ఇక్కడ అందరూ వెళ్ళేది చింక్వె తెర్రె. అంటే అయిదు నేలలు. కొండ అంచుకి అతుక్కున్న అయిదు రంగురంగుల ఊళ్ళు: రియోమజ్జోరె, మనరోలా, కొర్నీలియా, వెర్నాజ్జా, మోంతెరోస్సో. ఒక్కో ఊరికీ మధ్య రైల్లో కొద్ది నిమిషాలే.

దూరం తక్కువే గానీ టికెట్ తక్కువ కాదు. సీజన్‌ని బట్టి ఒక్కసారి ఎక్కితే 5 నుంచి 10 యూరోలు. రోజంతా ఎన్నిసార్లైనా తిరిగే కార్డు ఉంది, మూడు నాలుగు ఊళ్ళు దిగితేనే అది లాభం. ఒక్క రోజులో అయిదు ఊళ్ళూ చూడాలని పరిగెత్తితే మీరు చూసేది అయిదు ప్లాట్‌ఫామ్‌లే. మేం మనరోలా, వెర్నాజ్జా రెండే చూసి, మిగతా టైమ్ సముద్రం ఒడ్డున కూర్చున్నాం. కొర్నీలియా స్టేషన్ నుంచి ఊళ్ళోకి సుమారు 380 మెట్లు ఎక్కాలి, పెద్దవాళ్ళుంటే వదిలేయండి.

అసలు రైలే వద్దనుకుంటే లా స్పెజియా నుంచి సిటీ బస్సులో అరగంటలో పోర్టోవెనెరె వెళ్ళొచ్చు. చింక్వె తెర్రెతో కలిపి యునెస్కో 1997లో జాబితాలో చేర్చిన ఊరే అది కూడా. బస్సు చార్జీ తప్ప ఖర్చు లేదు.

నేపుల్స్: ఇక్కడ టూర్ కొంటే పాపం

నేపుల్స్‌లో ఓడ ఊళ్ళోనే ఆగుతుంది. దిగి బయటికి రాగానే ఎదురుగా నల్లటి బురుజుల కోట, పక్కనే మునిచిపియో మెట్రో స్టేషన్. ఆ స్టేషన్ కోసం తవ్వుతుంటే రోమన్ల కాలపు పడవలు బయటపడ్డాయి. అలాంటి ఊరు అది.

పాంపేయి చూడాలంటే మెట్రోలో గరిబాల్దీ వెళ్ళి, అక్కడ చిర్కుంవెజువియానా రైలెక్కి, పాంపేయి స్కావి అనే స్టేషన్‌లో దిగాలి. రైలు ప్రయాణం సుమారు 40 నిమిషాలు. స్టేషన్ ఎదురుగానే గేటు. క్రీస్తుశకం 79లో అగ్నిపర్వతం బూడిదలో కప్పబడిపోయిన ఊరు కదా, జనం విపరీతంగా వస్తారు. అందుకే 2024 నవంబర్ నుంచి రోజుకి 20,000 మందినే అనుమతిస్తున్నారు, టికెట్ మీద పేరు కూడా ఉంటుంది. కాబట్టి ఇది మాత్రం ముందే ఆన్‌లైన్‌లో కొనండి. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియంలు, ఇలాంటి చోట్లు ఉచితం. మీ ఓడ ఆ రోజు ఆగితే అదృష్టం, కాకపోతే జనం రెట్టింపు. రైల్లో కిక్కిరిసి ఉంటుంది, ఫోన్ ముందు జేబులో పెట్టుకోండి. జేబుదొంగలకి టూరిస్ట్ రైళ్ళే ఇష్టం.

మేం మాత్రం వెళ్ళలేదు. రోమ్ తరవాత అమ్మ కాళ్ళు వాచాయి. స్పక్కనాపోలి అనే సన్నటి పొడవాటి వీధిలో మెల్లగా తిరిగాం. పైన బట్టలు ఆరేసిన బాల్కనీలు, కింద స్కూటర్లు, అరుపులు. "ఇది మన సుల్తాన్ బజార్ లాగే ఉంది" అంది అమ్మ. మొత్తం ట్రిప్‌లో ఆమె భయం లేకుండా రోడ్డు దాటింది అక్కడే. పిజ్జాని నాలుగు మడతలు పెట్టి కాగితంలో చుట్టి ఇస్తారు, పర్సు మడత పిజ్జా అంటారు. రెండు మూడు యూరోలతో కడుపు నిండుతుంది. చీజ్ కూడా వద్దనుకునేవాళ్ళకి మరినారా ఉంది, టమాటా, వెల్లుల్లి, నూనె అంతే. ముగ్గురికీ ఆ రోజు ఖర్చు 30 యూరోలు దాటలేదు.

మీ రూట్‌లో సిసిలీ ఉంటే ఇంకా హాయి. మెస్సీనాలో ఓడ నుంచి పది నిమిషాల నడకలో పెద్ద చర్చి గంటస్తంభం ఉంది. సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకి అందులోని సింహం గర్జిస్తుంది, కోడి కూస్తుంది, బొమ్మలు కదులుతాయి. ఉచితం. పలెర్మోలో బల్లారో సంతకి వెళ్ళి పానెల్లె అడగండి. శనగపిండితో వేసే పలచటి వేపుడు, బన్నులో పెట్టి ఇస్తారు. బజ్జీ తిన్న నోటికి కొత్తేం కాదు.

మరి ఓడ వాళ్ళ టూర్ ఎప్పుడు కొనాలి?

నేను ఎప్పుడూ కొనొద్దని చెప్పను. మూడు సందర్భాల్లో కొనండి.

ఒకటి, రైల్వే సమ్మె రోజు. ఇటలీలో ఇవి మామూలే, ముందుగానే ప్రకటిస్తారు. "షోపెరో" అనే మాట గుర్తుపెట్టుకోండి, అంటే సమ్మె. పని రోజుల్లో సమ్మె ఉన్నా పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రైళ్ళు నడిపి తీరాలి. కానీ మీకు కావాల్సింది మధ్యాహ్నం మూడింటి రైలు! వారం ముందు, ముందు రోజు రాత్రి, రెండుసార్లు చూసుకోండి.

రెండు, ఓడ రేవుకి ఆనకుండా సముద్రంలోనే నిలబడి, చిన్న పడవల్లో ఒడ్డుకి చేర్చే పోర్టులు. సొరెంటో, పోర్టోఫినో లాంటివి. టూర్ కొన్నవాళ్ళని ముందు పంపుతారు, మీ వంతు వచ్చేసరికి గంట పోవచ్చు. దూరం వెళ్ళే ఆలోచన ఉంటేనే కొనండి.

మూడు, ఓడ ఆగే సమయం తక్కువై, చూడాల్సిన ఊరు దూరమైనప్పుడు. రెండు రైళ్ళ నియమం పెట్టి చూస్తే ఆ ఊళ్ళో మూడు గంటలు కూడా మిగలకపోతే, టూర్ కొనండి లేదా పోర్ట్ దగ్గరి ఊరు చూడండి. లివోర్నోలో దిగి ఫ్లోరెన్స్ కుదరకపోతే పీసా రైల్లో 20 నిమిషాల లోపే. వాలు గోపురాన్ని బయట నుంచి చూడటానికి టికెట్ లేదు.

ఫోన్‌లో ముందే చేసుకోవాల్సినవి

ఓడ సముద్రంలో ఉన్నప్పుడు ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి. ఓడ నెట్‌వర్క్‌కి తగులుకుంటే వచ్చే బిల్లు టూర్ కంటే ఎక్కువ. యూరప్ మొత్తానికి పనిచేసే ఈ-సిమ్ ఒకటి చాలు, మ్యాప్‌లు ఆఫ్‌లైన్‌లో దించుకోండి. టైమ్ సంగతి: స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ ఒకటే గడియారం. గ్రీస్ కలిస్తే గంట తేడా వస్తుంది. అప్పుడు ఫోన్ టైమ్ నమ్మొద్దు, ఓడ టైమ్ నమ్మండి. నాన్న లాగా చేతికి వాచీ పెట్టుకోండి, ఇంకా మంచిది.

ఆ రోజు కాగితం మీద పోర్ట్ ఏజెంట్ ఫోన్ నంబరు ఉంటుంది. దిగేముందు దాన్ని ఫొటో తీసుకోండి. ఓడ తప్పిపోతే మొదట ఫోన్ చేయాల్సింది ఆయనకే. పాస్‌పోర్ట్ కాపీ, ఒక కార్డు, ఒక రోజుకి సరిపడా మందులు ఎప్పుడూ మీ సంచిలో ఉండాలి. ఇది నేను అమ్మ దగ్గర నేర్చుకున్న పాఠం. రోమ్ తరవాతి రోజు నుంచి మాత్రలు నా జేబులోనే.

చివరగా ఒక్క మాట. ఇటలీలో చవగ్గా తిరగడం కష్టమేం కాదు. చర్చిలు ఉచితం, నీళ్ళు ఉచితం, రైళ్ళు చవక. మిగిల్చిన 150 యూరోలు మీ తెలివికి వచ్చిన బహుమతి అనుకోకండి. దాన్లో కొంత టైమ్‌గా మార్చి తిరిగివ్వాలి. ఒక గంట ముందు బయలుదేరడమే మీరు కట్టే ఇన్సూరెన్స్. ఆ గంట ఓడ పక్కన రేవులో కూర్చుని జెలాటో తినండి, ఏం పోయింది?

మొన్న హైదరాబాద్‌లో అమ్మానాన్నల్ని ఖమ్మం రైలెక్కించడానికి వెళ్ళా. గంట ముందు స్టేషన్‌లో ఉన్నాం. ఈసారి నేనే తొందరపెట్టాను. నాన్న బెంచీ మీద కూర్చుని నా వైపు చూసి నవ్వారు, ఏమీ అనలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఓడలో ఖర్చులు: వైఫై, టిప్పులు, శాకాహారం సంగతి మాట్లాడుకుందాం. మీ పోర్టుల లిస్టు పట్టుకుని వెనక నుంచి లెక్క వేయడం ఇవాళే మొదలుపెట్టండి. ఉంటా మరి, నమస్తే!